పెద్దకోడలు నాటకం ఆడుతోంది

"పెద్దకోడలు నాటకం ఆడుతోంది. చిన్నకోడలిదే నిజం. నేను పైకెళ్తున్నా."

మా బావ ఆ రికార్డింగుని మూడోసారి వినిపించి, ఫోను జేబులో పెట్టుకుని, విందుభోజనం చేసినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు.

"విన్నావుగా. ఇంకా నీకేం పనుంది ఇక్కడ?" అన్నాడు.

బావంటే మా అక్క మొగుడు. ఊరందరికీ ఇన్‌స్పెక్టరు. పదిమందిలో తనని 'ఇన్‌స్పెక్టర్‌గారూ' అని పిలవాలని ఆయన కోరిక. నన్ను 'మేడమ్' అనాలని నా కోరిక. ఇన్నేళ్ళలో ఇద్దరి కోరికా తీరలేదు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఆయన కట్టేసిన ఫైళ్ళు విప్పడం నాకు సరదా అని మా అక్క దగ్గర చెప్పుకుని బాధపడుతుంటాడట. సరదా ఏమీ కాదు, అది నా పొట్టకూటి పని. కాస్త సరదా కూడా ఉందనుకోండి.

కథ క్లుప్తంగా చెప్తాను. ఇది లిఫ్టులు తయారుచేసే కంపెనీ. యజమాని ఒక పెద్దావిడ. ఆవిడ ఇద్దరు కొడుకులూ ఇద్దరు కోడళ్ళూ ఇక్కడే పనిచేస్తారు. పెద్దకొడుకు ఆఫీసు వ్యవహారాలు చూస్తాడు, చిన్నకొడుకు ఉక్కూ అదీ కొంటాడు. చిన్నకోడలు బయట తిరిగి ఆర్డర్లు తెస్తుంది. పెద్దకోడలు ఇంజినీరు. తయారైన ప్రతి భాగాన్నీ పరీక్షించి సంతకం పెట్టాల్సింది ఆవిడే. ఈమధ్య వీళ్ళు బిగించిన లిఫ్టు ఒకటి జారి కిందపడి, లోపలున్న ఒకాయన చనిపోయాడు. లిఫ్టు జారకుండా పట్టి ఆపే బ్రేకు పట్టీ విరిగింది. ఉక్కు నాసిరకం అంది పెద్దకోడలు. ఉక్కు లక్షణంగా ఉంది, నీ పరీక్షే సరిగ్గా లేదన్నారు మిగతావాళ్ళు. ఆ సంగతి తేల్చడానికి ప్రభుత్వ నిపుణులు రావాలి గనక, విరిగిన పట్టీకి సీలు వేసి మూడో అంతస్తులో ఒక గదిలో పెట్టి తాళం వేశారు. నిన్న మధ్యాహ్నం ఆ పట్టీ మాయమైపోయింది.

సరిగ్గా ఆ వేళకే, కింద కంట్రోల్ రూములో కెమెరా తెరల ముందు ఒక్కడూ కూర్చున్న ఆపరేటరు, గేటు దగ్గరి వాచ్‌మన్‌తో, మాటలన్నీ రికార్డయ్యే వాకీటాకీలో, పై మూడు ముక్కలూ అని లేచి వెళ్ళాడు. మూడో అంతస్తు మెట్లమీద ఎవరో అతని తల పగలగొట్టారు. ప్రాణం పోలేదు గానీ, ఆస్పత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. మూడో అంతస్తు కెమెరా రికార్డింగు చూద్దామంటే, ఆ కాసేపటి రికార్డే లేదు.

"తాళం పగలగొట్టలేదు," అన్నాడు బావ వేళ్ళు మడుస్తూ. "తాళంచెవి పెద్దకోడలి దగ్గరుంది. రెండోది అత్తగారి బీరువాలో ఉంది. మధ్యాహ్నం ఆవిడ ఆ గదివైపు వెళ్ళడం చూశానని చిన్నకోడలు వాంగ్మూలం ఇచ్చింది. ఆ టైములో ఎక్కడున్నారమ్మా అంటే పెద్దకోడలు నోరు విప్పదు. పైగా దెబ్బ తిన్నవాడి ఆఖరి మాట ఇది. ఐదింటికి ఆవిణ్ణి జీపెక్కిస్తా."

"దేనికింద?"

"దొంగతనం. హత్యాప్రయత్నం. ఆ లిఫ్టులో పోయినాయన చావు కూడా ఆవిడ నెత్తినే పడుతుంది. అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆవిడే మాట్లాడకుండా కూర్చుంటే నీ ఆరాటం ఏమిటి?"

నన్ను పిలిపించింది ఆ ఇంటి అత్తగారు. 'నా పెద్దకోడలు కూరలో ఉప్పు ఎక్కువేస్తుందేమో గానీ అబద్ధం ఆడదు. అది కాదని తేల్చి పెట్టండి' అంది. కోడలి మీద అంత నమ్మకం ఉన్న అత్తగారిని చూసి ముచ్చటేసి ఒప్పుకున్నాను. కానీ ముచ్చట సాక్ష్యం కాదు. ఐదింటికి మహా అయితే రెండు గంటలుంది.

"బావా, ఆ ఆపరేటరు ఎలాంటివాడు? పొగరుబోతా?"

"ఛ. అందరూ మంచివాడనే అంటున్నారు. వినయం ఎక్కువట. ఎందుకు?"

"జీతమిచ్చేవాళ్ళ కోడల్ని పట్టుకుని, గారూ లేదు ఏమీ లేదు, 'ఆడుతోంది' అన్నాడు. ఆడుతున్నారు అనలేదు."

"కంగారులో ఉన్నవాడికి మర్యాదలు గుర్తుంటాయా?" అన్నాడు బావ. సమాధానం బాగానే ఉంది. నాకే అది గొంతు దిగలేదు.

కంట్రోల్ రూముకి వెళ్తుంటే మెట్ల దగ్గర పెద్దకొడుకు ఎదురయ్యాడు. మనిషి రాత్రంతా నిద్రలేనట్టున్నాడు. చేతిలో భార్య భోజనం క్యారేజీ ఉంది.

"ముద్ద కూడా ముట్టలేదండీ," అన్నాడు. "నాతోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. మీరైనా మాట్లాడించండి. పొరపాటున చేశానని ఒప్పుకుంటే లాయరు ఏదో ఒకటి చూస్తానంటున్నాడు."

"మీ ఆవిడే చేసిందని మీరూ అనుకుంటున్నారా?"

ఆయన క్యారేజీ వంక చూశాడు. "నేను ఏమనుకుంటే ఏముందండీ. ముందు ఆవిడ ఇంటికి రావాలి," అన్నాడు. నాకు జాలేసింది, దాచుకోవడమెందుకు. లోపలికి వెళ్ళి ఆవిడకి ధైర్యం చెప్పమని నేనే ఆయన్ని పంపాను.

కంట్రోల్ రూము చిన్న గది. కిటికీ లేదు, ఒక గోడంతా మానిటర్లే. వాటి ముందు ఆపరేటరు కుర్చీలో ఇవాళ ఒక అమ్మాయి కూర్చుని ఉంది. రెండో షిఫ్టు మనిషి. నిన్న సెలవులో ఉందట. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"అన్నయ్య చాలా మంచోడండీ," అంది దెబ్బతిన్న ఆపరేటరు గురించి. "నాకు పని నేర్పింది ఆయనే."

"నాకు కూడా కాస్త నేర్పమ్మా. ఈ తెరలకి బొమ్మలు ఎలా వస్తాయి?"

పని గురించి అడగ్గానే ఆ పిల్ల గొంతు కుదుటపడింది. బిల్డింగులో ఉన్న ప్రతి కెమెరా బొమ్మా నెట్‌వర్కు తీగలోంచి బల్లకింద ఉన్న పెద్ద కంప్యూటరుకి వస్తుందట. అక్కణ్ణించి ఏ బొమ్మని ఏ మానిటరు మీద పెట్టాలన్నా మౌసుతో లాగి పడెయ్యడమే. మధ్యలో రెండు పెద్ద మానిటర్లున్నాయి. ఎడమదాంట్లో లోపలి అంతస్తుల వరండాలు, కుడిదాంట్లో బయట గేటూ, ఆవరణా. పైన ఒకటి మాత్రం నల్లగా ఉంది. ఎక్కడైనా తలుపు బలవంతంగా తెరిస్తేనే అది వెలిగి మోగుతుందట. ఆ చివర ఒక ముసలి మానిటరు మిణుకుమిణుకుమంటోంది.

"ఇప్పుడు జరిగేదే కాకుండా పాత రికార్డింగు కూడా ఈ తెరల మీద పెట్టొచ్చా?"

"పెట్టొచ్చండీ. నిన్నటిదీ మొన్నటిదీ ఏదైనా చూస్కోవచ్చు."

"అది పాతదని ఎలా తెలుస్తుంది?"

"మూల తారీఖూ టైమూ పడతాయి కదండీ." అమ్మాయి ఎడమ మానిటరు చూపించింది. "దీనికి మాత్రం తీసేశాం. ఆ అంకెలు తలుపుల మీద పడి అడ్డమొస్తున్నాయని."

ఇంతలో బల్లమీది వాకీటాకీ గరగరమంది. గేటు దగ్గరి వాచ్‌మన్ గొంతు.

"అమ్మాయ్, అల్లుడుగారు లేచారా? లేకపోతే రెండు తట్టు. క్యాంటీను దగ్గర ఎవరో బండి అడ్డం పెట్టారంట, చూసి చెప్పు."

అమ్మాయి చెయ్యి అలవాటుగా ఆ చివరి మానిటరు మీదికి వెళ్ళింది. రెండు తట్టింది. మిణుకు ఆగి క్యాంటీను వాకిలి స్పష్టంగా కనపడింది. అప్పుడు నేనున్నానని గుర్తొచ్చి, నాలిక కరుచుకుంది.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"అల్లుడుగారా?"

"అదేం లేదండీ..."

"నాకు నచ్చింది. బతిమాలితే గాని పనిచెయ్యడు కాబట్టి అల్లుడు. అవునా?"

ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది, వెంటనే భయపడింది. "ఎవరికీ చెప్పకండి. పెద్దబాబుగారికి తెలిస్తే మమ్మల్ని తీసేస్తారు. అన్నయ్యే సరదాకి పెట్టాడు."

"మరి పైన ఆ నల్లదాని పేరేంటి?"

"అత్తగారు," అంది తల దించుకుని. "అంతా బాగుంటే నోరెత్తదు. తేడా వస్తే ఊరంతా వినపడేలా..."

నేను మధ్యలో ఉన్న రెండు పెద్ద మానిటర్లనీ చూశాను. ఇంటిపట్టున ఉండేది ఒకటి, బయట తిరిగేది ఒకటి. అడగక్కర్లేదు, అయినా అడిగాను.

"ఇవి?"

"ఎడమది పెద్దకోడలు. కుడిది చిన్నకోడలు."

మన భాషలో మగాడైతే 'ఆడుతున్నాడు'. ఆడదైనా, ఆవైనా, ఫ్యానైనా 'ఆడుతోంది'. గారు తగిలిస్తే తప్ప ఇంటి కోడలికీ యంత్రానికీ తేడా లేదు. మానిటరు మీద కూడా అల్లుడికి గారు ఉంది చూశారా, కోడళ్ళకి లేదు. ఆ లేని గారు ఒక ఆడమనిషిని జైలుకి పంపబోతోందని నాకు ఒళ్ళు మండింది.

"నువ్వు నిన్నటి రికార్డింగు విన్నావా? మీ అన్నయ్య ఆఖరిగా ఏమన్నాడో?"

"లేదండీ. పెద్దబాబుగారి భార్య, పెద్దమ్మగారి పేరు చెప్పాడన్నారు, అంతే."

నేను ఆ మూడు ముక్కలూ చెప్పాను. అమ్మాయి చటుక్కున ఎడమ మానిటరు వైపు తిరిగింది.

"నాటకం ఆడటం అంటే మీ మాటల్లో ఏమిటి?"

"పాత బొమ్మ ఆడటమండీ," అంది. "ఎప్పుడైనా పాత రికార్డింగు చూసి మూసెయ్యడం మర్చిపోతే, అదే ఆడుతూ ఉంటుంది. ఇప్పటిది అనుకుని చూస్తూ కూర్చుంటాం. అన్నయ్య వచ్చి 'ఏమే, పెద్దకోడలు నాటకం ఆడుతోంది, నువ్వు చప్పట్లు కొడుతున్నావా' అని తిట్టేవాడు."

వాచ్‌మన్‌ని లోపలికి పిలిపించాను. యాభై దాటిన మనిషి. గడపలోనే టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పోలీసులకి మీరు ఏం చెప్పారు?"

"విన్నది విన్నట్టు చెప్పానమ్మా. ఒక్క అక్షరం పొల్లు పోలేదు."

"నిన్న పెద్దమ్మగారు మధ్యాహ్నం బయటికి వెళ్ళారా?"

"లేదమ్మా. పెద్దమ్మగారు పొద్దున వచ్చారు, చీకటిపడ్డాక వెళ్ళారు."

"మీరు ఆవిణ్ణి ఎప్పుడూ పెద్దమ్మగారు అనే అంటారా?"

"ఇంకేమంటామమ్మా?"

"మరి పెద్దకోడలెవరు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చూపు సూటిగా ఎడమ మానిటరు మీదికి వెళ్ళింది. వెళ్ళిన చూపుని వెనక్కి లాక్కోబోయాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"నిన్నట్నుంచి మీకు తెలుసు," అన్నాను. "ఆ మాట ఆవిడ గురించి కాదని తెలుసు. ఐదింటికి ఆవిణ్ణి తీసుకుపోతున్నారని కూడా తెలుసు."

"మొదట తెర పాడైందేమో అనుకున్నానమ్మా. రోజూ అనే మాటేగా." టోపీ అంచు నలుపుతున్నాడు. "తర్వాత పోలీసులు అడిగినప్పుడు... ఇంటి ఆడవాళ్ళ పేర్లు తెరలకి పెట్టుకుని నవ్వుకుంటున్నామని ఎలా చెప్పను? నాకు ఇంకెక్కడ ఉద్యోగమిస్తారు ఈ వయసులో? పెద్దింటి కోడలు, వాళ్ళే ఎలాగో విడిపించుకుంటారులే అనుకున్నా."

"ఆవిడ కూడా అలాగే ఎవరో విడిపిస్తారని కూర్చుని ఉంది. విడిపించాల్సింది మీరు."

కాస్త గట్టిగానే అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని, "ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్తానమ్మా," అన్నాడు. పాపం, భయపడ్డ మనిషే గానీ చెడ్డ మనిషి కాదు.

బావ వచ్చేసరికి నేను ఎడమ మానిటరు ముందు నిలబడి ఉన్నాను. సంగతంతా విన్నాడు. నవ్వుతాడనుకున్నాను. మొహం గంటు పెట్టుకున్నాడు.

"మరదలా, నేను ఇరవై ఏళ్ళుగా పోలీసుని. పెద్దకోడలంటే టీవీ అని నన్ను నమ్మమంటావు."

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, కోడలనగానే నువ్వు కోడల్ని కట్టేశావు. ఒక్కసారి వాళ్ళని అడిగావా?"

"సరే, టీవీయే అనుకో. దానివల్ల ఆవిడ ఎలా తప్పించుకుంటుంది? పాత బొమ్మ పెట్టి ఆ చాటున పట్టీ పట్టుకుపోయింది ఆవిడే కావచ్చుగా."

"ముందు పాత బొమ్మ అని ఒప్పుకో."

"ఒప్పుకోను. కూర్చున్నవాడికి అది పాతదని ఎలా తెలిసింది? టైము కనపడదంటున్నారు. ఖాళీ వరండా నిన్నైనా ఇవాళైనా ఖాళీ వరండాయే."

ఆ ప్రశ్న నన్నూ ఇంతసేపూ నిలబెట్టింది. ఎడమ మానిటరులో మూడో అంతస్తు వరండా ఉంది. పొడుగాటి నేల, మూసిన తలుపులు, ఆ చివర కిటికీ. కిటికీలోంచి ఎండ పడి నేలమీద పలకలాగా పరుచుకుంది. మనుషులెవరూ లేరు. చూడటానికి ఏమీ లేదని నేను కూడా రెండుసార్లు చూపు తిప్పేశాను.

"బావా, నిన్న ఈ వేళకి నువ్వెక్కడున్నావు?"

"నన్ను కూడా అనుమానిస్తున్నావా? ఆఫీసులో. కదిలితేగా, ఒకటే వాన. జీపు టాపు కారి..."

ఆగిపోయాడు. మనిషి మొండివాడే గానీ మందమతి కాదు. తెరమీది ఎండ వంకా, పక్కనున్న చిన్నకోడలి వంకా మార్చి మార్చి చూశాడు. చిన్నకోడల్లో ఆవరణ కనపడుతోంది. నిన్నటి నీళ్ళు గుంటల్లో ఇంకా నిలిచే ఉన్నాయి.

"నిన్న ఇక్కడ కూర్చున్నవాడికి కుడి తెరలో కుండపోత," అన్నాను. "ఎడమ తెరలో, ఏ పాత రోజుదో, నేలమీద ఎండ. చిన్నకోడలిదే నిజం అన్నాడా లేదా?"

బావ టోపీ తీసి తల గోక్కున్నాడు. అమ్మాయి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఆ కుర్రాడు ఒక్కడూ కూర్చుని, ఎండనీ వాననీ పక్కపక్కన చూసి, ఏదో మోసం జరుగుతోందని తనే లేచి వెళ్ళాడు. ఎవరినైనా తోడు పిలుచుకుని ఉంటే బాగుండేది. నాకు వాణ్ణి తలుచుకుంటే గర్వంగానూ బాధగానూ ఉంది.

"వీడే పెట్టాడేమో పాత బొమ్మ. ఆవిడతో కలిసి," అన్నాడు బావ. కానీ గొంతులో బిగువు లేదు.

"తనే పెట్టినవాడు వాకీటాకీలో గేటుకి చెప్పి నాటకం ఆడుతోందని చాటుకుంటాడా?"

"చేయడు."

"ఈ కుర్చీలోంచి కాకపోతే ఇంకెక్కణ్ణించో పెట్టారు. అలా పెట్టగలిగే చోటు ఇంకోటి ఉందా అమ్మాయ్?"

"నాకు తెలీదండీ. ఇది కంపెనీకి అమర్చినాయన్ని అడగాలి. ఆఫీసు కంప్యూటర్లలో చూడటానికి కుదురుతుంది గానీ, ఈ గోడ మీది తెర మార్చాలంటే ప్రత్యేకంగా అధికారం ఇవ్వాలి."

"పెద్దమ్మగారి ల్యాబులో కంప్యూటరుకి?"

"అసలు ల్యాబులో కెమెరాల తీగే లేదండీ. ఆవిడే వద్దన్నారు."

నేను బావ వంక చూశాను. ఆయన గడియారం చూసుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు. "ఆ అమర్చినాయన నంబరు ఇవ్వమ్మా," అన్నాడు అమ్మాయితో. నావైపు తిరిగి, "జీపు కాసేపు ఆగుతుందిలే. ఇది మాత్రం నేను కనుక్కుంటాను. నువ్వు ఆవిణ్ణి మాట్లాడించు," అన్నాడు. తన తప్పు ఒప్పుకోవడంలో ఇంతకు మించి మా బావ దగ్గర ఎవరూ ఆశించకూడదు.

పెద్దకోడల్ని ల్యాబులోనే కూర్చోబెట్టారు. కాపలా కానిస్టేబులమ్మ తలుపు దగ్గర స్టూలు వేసుకుంది. గదినిండా విరిచి చూసిన ఇనుప ముక్కలు, వరసగా సర్దిపెట్టి ఉన్నాయి. వాటి మధ్య ఒక నలభై ఏళ్ళ మనిషి నిటారుగా కూర్చుని ఉంది. క్యారేజీ ముందు అలాగే ఉంది, మూత కూడా తియ్యలేదు.

"ఆ మాట మీ గురించి అన్నది కాదు," అని మొదలుపెట్టి, మానిటర్ల పేర్ల దగ్గర్నుంచి ఎండా వానా దాకా అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా వింది. చివర్న నవ్వింది.

"ఎప్పుడూ లోపలే ఉంటాననా, ఆ పేరు?"

"అలాగే ఉంది."

"మంచి పేరే. ఆ అబ్బాయి కళ్ళు తెరిచాక చెప్పాలి, నాకేం కోపం లేదని." నవ్వు అలాగే ఉండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నిన్నట్నుంచీ అదే కొట్టుకుంటోందండీ నాకు. ఆ అబ్బాయికి నేనేం చేశాను, చావుబతుకుల్లోకి పోతూ నన్ను నాటకాలాడేదాన్ని చేశాడేమిటని."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"ఇప్పుడైనా చెప్పండి. నిన్న ఆ టైములో ఎక్కడున్నారు?"

ఆవిడ తలుపువైపు చూసి గొంతు తగ్గించింది.

"ఇక్కడే. ఈ బల్ల దగ్గరే. ఈ ల్యాబుకి కూడా అటునుంచే దారి, మా తోడికోడలు చూసింది అదే. ఆ పట్టీకి సీలు వెయ్యకముందే నేను దాన్నుంచి చిన్న తునక కోసి పక్కన పెట్టాను. విరిగినచోటుదే. నిన్న దాన్ని ఒంటరిగా పరీక్ష చేస్తున్నా. ఉక్కు కాదండీ అది, ఉక్కు పేరు పెట్టుకున్న తుక్కు. ఆ తునక ఒక్కటి నిపుణుల చేతిలో పడితే చాలు. నా పరీక్ష తప్పో, తర్వాత ఎవరైనా సరుకు మార్చారో అంతా తేలిపోతుంది."

"మరి ఇన్‌స్పెక్టరుకి చెప్పలేదేం?"

"చెప్తే అదీ మాయమవుతుంది. పట్టీ తీసింది బయటివాడు కాదు, ఇంటి మనిషే. తాళంచెవి ఇంట్లోదేగా. సరుకు కొనేది మా మరిది, ఆయన మీదే నా అనుమానం. ఎవరు ఎవరి మనిషో తెలియనప్పుడు నోరు మూసుకోవడమే మంచిదనుకున్నా. తునకని రాత్రి ఇంటికి తీసుకెళ్ళి వంటింట్లో బియ్యం డబ్బా అడుగున పెట్టాను."

నాకు కావలసింది దొరికింది. ఆ తునక చేతిలో ఉంటే, పట్టీ దొంగిలించాల్సిన అవసరం ఆవిడకి లేదని మా బావ కూడా కాదనలేడు. చచ్చిపోయినాయన పాపం ఎవరిదో వాళ్ళకే చుట్టుకుంటుంది.

"అది ఇంకా అక్కడే ఉందిగా?"

"భయపడకండి," అందావిడ. మొదటిసారి భుజాలు వదులు చేసి కూర్చుంది. "మీరు రావడానికి కాస్త ముందే మా ఆయనకి చెప్పేశాను. ఆయన తెల్లవార్లూ నా కోసం తిరుగుతూనే ఉన్నారు, ఆయన దగ్గర కూడా దాస్తున్నానే అని మనసు పీకింది. ఇప్పుడే వెళ్ళారు, ఇంటికెళ్ళి తీసి, నేరుగా లాయరు చేతిలో పెడతానని."

అంటూ క్యారేజీ దగ్గరికి లాక్కుని మూత తీసింది. ఆకలి ఇప్పుడు తెలిసినట్టుంది.

తలుపు తోసుకుని బావ వచ్చాడు. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. ఆవిడ ఉందని చూసుకోలేదో, చూసుకున్నా పోలీసు నోరు ఆగదో.

"దొరికింది మరదలా," అన్నాడు. "గోడ మీది తెర మార్చే అధికారం ఇంకొక్క కంప్యూటరుకే ఉందట. పెద్దకొడుకు గదిలోది. కొత్త ఉక్కు వ్యాపారిని తమ్ముడికి పరిచయం చేసింది కూడా ఆయనేనని గుమాస్తా చెప్పాడు. మనిషేడీ?"

ఆవిడకి ధైర్యం చెప్పమని ఆయన్ని ఈ గదిలోకి పంపింది నేనే. ఆవిడ వంక చూశాను. చూడకుండా ఉండాల్సింది. చేతిలో ముద్ద అలాగే ఉంది. ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసింది, తర్వాత ఆయన తెచ్చిన క్యారేజీ చూసింది. ఏడుస్తుందనుకున్నాను. 'అబద్ధం' అని అరుస్తుందనుకున్నాను. నేనైతే అరిచేదాన్నే.

ఆవిడ ముద్దని గిన్నెలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుంది.

"ఆయన పెద్దరోడ్డు మీంచే వెళ్తారు," అంది మా బావతో. "సందుల్లో కారుకి గీతలు పడతాయని. సందుల్లోంచి వెళ్తే మనమే ముందు చేరతాం. జీపు తియ్యండి, దారి నేను చూపిస్తాను."